సార్వా, దాళ్వా, ఆడిషన్

కాటన్ దొర 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తి చేయించి డెల్టాకి నీళ్ళిచ్చాడు. ఆ నీళ్ళకి సార్వా, దాళ్వా అని ఏడాదికి రెండు పంటల వరి పండింది, కొబ్బరి కాసింది, తర్వాత్తర్వాత చేపా రొయ్యా ఈదాయి. వీటితోపాటు గట్ల మీద దానంతటదే మొలిచిన పంట ఇంకొకటి ఉంది. ఏ వ్యవసాయాధికారీ దాన్ని అడంగల్‌లో రాయలేదు. నటులు. మొగల్తూరు, పాలకొల్లు, పెద్దాపురం, కాకినాడ, ఎక్కడ గునపం వేసినా ఒకరు తేలారు. అందుచేత ఈనాటికీ ప్రతి వీధిలోనూ ఒక కుర్రాడు అద్దం ముందు నిలబడి ఒక్క కనుబొమ్మే పైకెత్తడం సాధన చేస్తుంటాడు.

ఈ పంటకి మద్దతు ధర లేదు. తుఫానొస్తే నష్టపరిహారమూ లేదు. కాబట్టి సాగుదార్లకు, అనగా నటించగోరు యువతీ యువకులకు, వారి పెట్టుబడిదారులకు, అనగా నాన్నగార్లకు, కొన్ని సాంకేతిక సూచనలు చేయడం మా బాధ్యతగా భావిస్తున్నాం.

ముందు విత్తనశుద్ధి. భీమవరం పక్కన రొయ్యల చెరువు చేసే ఆసామి, హేచరీవాడు సొంత బావమరిదైనా సరే, పీసీఆర్ టెస్టు లేకుండా సీడు, అంటే రొయ్యపిల్లల్ని, చెరువులో వదలడు. తెల్లమచ్చ తెగులు లేదని కాగితం చూశాకే డబ్బు లెక్కపెడతాడు. అదే ఆసామికి ఒక మధ్యాహ్నం ఫోనొస్తుంది: "మీ అబ్బాయి ఫోటో డైరెక్టరు గారికి తెగ నచ్చేసిందండి. సెకండ్ హీరో. రిజిస్ట్రేషన్ ఒక్కటి కట్టేయండి, ఆర్టిస్టు కార్డు మేం చూసుకుంటాం." ఆ సాయంత్రమే డబ్బు వెళ్ళిపోతుంది. ఏ టెస్టూ ఉండదు. వారం తిరక్కుండా కాస్ట్యూమ్ డిపాజిట్ అంటాడు, తర్వాత వర్క్‌షాపు ఫీజు, ఆనక 'రీఫండబుల్' అనే మాట. ఆ మాట వినపడిందంటే చెరువు తేలిపోయినట్టే.

ఈ జబ్బుకి పరీక్ష చాలా తేలిక, ల్యాబు అక్కర్లేదు. వేషం కోసం వచ్చినవాడు డబ్బు పుచ్చుకోవాలా, ఇవ్వాలా? ఆడిషన్ ఖర్చు నిర్మాతది. నటుడి దగ్గర రూపాయి అడిగితే అది సినిమా కాదు, వేరే వ్యాపారం. బ్యానరు పేరు, అంటే సినిమా తీసే కంపెనీ పేరు అడగండి. ఆ ఆఫీసు నంబరు మీరే వెతుక్కుని, మీరే ఫోన్ చేసి, ఫలానా ఆయన మీవాడేనా అని కనుక్కోండి. అతను ఇచ్చిన నంబరుకే చేస్తే "అవునండి, మావాడే" అని అతని తమ్ముడు చెబుతాడు. డబ్బు పంపేశాక మెలకువ వస్తే సిగ్గుపడుతూ మూడు రోజులు కూర్చోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మోసగాళ్ళు ఆ డబ్బు తీసేసుకునేలోపే వాళ్ళ ఖాతా బిగించాలి. ఆడపిల్లలకి ఇంకో సూచన: పగలు, ఆఫీసులో, తోడుతో. రాత్రిపూట హోటల్ గదిలో జరిగేదాన్ని ఆడిషన్ అనరు. దానికి పోలీసు స్టేషన్లో వేరే పేరుంది.

ఇక ఫోటోలు. మన ఊళ్ళో ఫోటో స్టూడియో ఆయన ఇరవయ్యేళ్ళుగా పెళ్ళిళ్ళు చేస్తున్న చేయి. ఆయన దగ్గరికెళితే మీకు జలపాతం వస్తుంది, రెండు హంసలొస్తాయి, ముఖానికి మూడు పూతల తెలుపొస్తుంది, మెడ మాత్రం మీదే ఉంటుంది. ఆ ఫోటో చూసి పిలిచిన కాస్టింగ్ డైరెక్టరు, గుమ్మంలో మిమ్మల్ని చూసి మీ వెనకాల ఎవరైనా వస్తున్నారేమోనని చూస్తాడు. పైగా ఆయనకి కావలసింది అంతర్వేది దగ్గర వేటకెళ్ళే కుర్రాడి పాత్ర, ఎండకి మాడిన ముఖం. మీ దగ్గర అది పుట్టుకతో ఉంది. దాన్ని డబ్బిచ్చి చెరిపించుకున్నారు.

కావలసినవి నాలుగే: ముఖం దగ్గరగా, నడుము వరకు, నిలువునా, పక్కనుంచి. పౌడరు వద్దు, నల్లకళ్ళద్దాలు వద్దు. పొద్దున కిటికీ పక్కన నిలబడి ఫోన్‌తో తీయించుకున్నా చాలు. గడ్డం తీశారా, ఫోటోలు మళ్ళీ తీయించుకోండి. వివరాల కాగితంలో ఎత్తు ఉన్నదున్నట్టు రాయండి. రెండంగుళాలు పెంచి రాస్తే పట్టుబడతామని భయపడతారు గానీ అసలు ప్రమాదం అది కాదు. హీరో కన్నా పొడుగని అనుకుని అసలు పిలవనే పిలవరు. 'వచ్చిన విద్యలు' అన్న చోట గుర్రపుస్వారీ అని రాసేవాళ్ళే అంతా. ఈత, పడవ తోయడం, కొబ్బరిచెట్టు ఎక్కడం, ట్రాక్టరు నడపడం రాయడానికి మాత్రం నామోషీ. హైదరాబాదులో సినిమావాళ్ళ పేట కృష్ణానగర్లో గుర్రం ఎక్కగలిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. పడవ తోసేవాడి కోసమే వెతుకుతున్నారు.

ఇప్పుడు అసలు సాగు. ఆడిషన్లో చాలా భాగం ఇంటి దగ్గరే, ఫోన్‌లోనే జరిగిపోతోంది. దాన్ని సెల్ఫ్ టేప్ అంటారు. పేరు చూసి చేత్తో పట్టుకుని సెల్ఫీలా తీసేవారున్నారు. ఫోన్ అడ్డంగా, స్టాండు మీద, మీ కళ్ళ ఎత్తున ఉండాలి. వెనక ఖాళీ గోడ. క్యాలెండరు, దేవుడి పటం, పెళ్ళి ఫోటో, తాతగారి దండ వేసిన ఫోటో తీసేయండి. చూసేవాళ్ళు తాతగారిని చూస్తారు, ఆయన ముఖంలో నటన ఉంటుంది. కిటికీ మీ ఎదురుగా ఉండాలి. వెనక ఉంటే మీరు నీడ, కిటికీ హీరో. తెర మీద మీ ముఖాన్ని వేలితో నొక్కి పట్టుకుని ఫోకసూ వెలుగూ లాక్ చేయండి, లేకపోతే మీరు ఏడ్చే చోట ఫోన్ వెలుగు సర్దుకుంటుంది. ట్యూబ్‌లైటు కింద తీస్తే వీడియోలో అలలు అలలుగా మినుకుమినుకుమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే ఆ రోగం కుదురుతుంది. సన్నగళ్ళ చొక్కా వేసుకోకండి, కెమెరాలో ఆ గళ్ళు పాకుతున్నట్టుంటాయి.

వెలుగు కన్నా కష్టం చప్పుడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ వేళకి ప్రాణం పోయినా ఆపరు. ఐదింటికి గుడి మైకు. ఎనిమిదింటికి గ్యాస్ బండి, దాని వెనకాలే పాత ఇనుపసామాను బండి. వానాకాలమైతే కప్పలు, వాటికి రిటేకులు తెలియవు. డెల్టాలో నిశ్శబ్దం అనేది మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకే, ఊరంతా భోంచేసి పడుకున్నప్పుడే దొరుకుతుంది. అప్పుడే తీయండి. ఫ్యాను ఆపక తప్పదు, చెమట పడుతుంది. టేకు టేకుకీ తువ్వాలుతో అద్దుకోండి, రుద్దకండి, ముఖం ఎర్రబడుతుంది. గది గంగాళంలా మోగుతుంటే కెమెరా వెనక రెండు బొంతలు వేలాడదీయండి. కాలరు మైకుంటే నోటికి జానెడు కిందన పెట్టండి, ఉప్పాడ చీర గానీ గంజి చొక్కా గానీ దానికి రాసుకోకుండా చూసుకోండి.

ఎదుటి పాత్ర మాటలు చదవడానికి ఒక మనిషి కావాలి. కెమెరా పక్కనే నిలబడి, మీ కన్నా తగ్గించి, ఏ భావమూ లేకుండా చదవాలి. ఈ పనికి మీ బాబాయిని పెట్టకండి. ఆయన పాతికేళ్ళ కిందట పరిషత్తు నాటకాల్లో ఉత్తమ ప్రతినాయకుడు. మీ టేపులో ఆయనకి వేషం వస్తుంది.

మొదట పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు: పదిహేను సెకన్లు. తర్వాత ముఖం ఎదురుగా, కుడివైపు, ఎడమవైపు. వెంటనే సీను. అమ్మానాన్నలకు పాదాభివందనం, గురువుగారికి నమస్కారం, ఫలానా హీరోగారికి జై, ఇవన్నీ ఆడియో ఫంక్షన్‌కి దాచుకోండి. ముఖ్యంగా ఆ మూడోది. ఒక జైతో మిగతా హీరోల సినిమాలన్నీ మూతపడతాయి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నలిగి మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపండి. ఫైలుకి మీ పేరూ పాత్ర పేరూ పెట్టండి. 'ఫైనల్ కొత్తది 3' అనే పేరుతో వాళ్ళ దగ్గర ఇప్పటికే నలభై మంది ఉన్నారు.

నాటకాల మీదుగా వచ్చేవారికి ఒక హెచ్చరిక. పద్యనాటకంలో రాగం తీస్తే జనం "వన్స్‌మోర్" అంటారు, హార్మోనియం ఆయన మళ్ళీ శ్రుతి అందుకుంటాడు, జన్మ ధన్యం. సెట్లో డైరెక్టరు "వన్ మోర్" అంటారు. ఈ రెంటికీ ఒక్క అక్షరమే తేడా, అర్థం మాత్రం పూర్తిగా తలకిందులు. రెండోదానికి నమస్కారం పెట్టి, ఇంకాస్త గట్టిగా చేసి ఇంటికెళ్ళినవారున్నారు. చివరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకి వినపడాలని నేర్చుకున్న గొంతు, చొక్కాకి తగిలించిన మైకుకి తుపాకి చప్పుడు. క్లోజప్‌లో కనుబొమ్మ తెర మీద పందిరిమంచమంత ఉంటుంది, దాన్ని ఎత్తేముందు ఆలోచించాలి. టీ గ్లాసు ఏ మాట దగ్గర ఏ చేత్తో ఎత్తారో గుర్తుంచుకోండి, అదే సీను మళ్ళీ దగ్గరనుంచి తీసేటప్పుడు అదే మాటకి అదే చెయ్యి లేవాలి. లేవకపోతే ఎడిటింగులో పోయేది గ్లాసు కాదు, మీరు.

యాస గురించి చెప్పాలంటే కొంచెం బాధగానే ఉంటుంది. అమలాపురం కుర్రాడు రెండేళ్ళు కష్టపడి యాస వదిలించుకుని హైదరాబాదు వెళతాడు. అక్కడ ఆడిషన్లో "గోదారి యాసలో చెప్పండి" అంటారు. సొంత యాస ఎలా ఉండేదో మర్చిపోయి, సినిమాల్లో విన్నది మొదలెడతాడు. మాట మాటకీ "ఆయ్", వాక్యానికి రెండు "అండి". మా వైపు "ఆయ్" అనేది పెద్దలు చెప్పింది వింటున్నామని తెలియజేసే మాట. దాన్ని తాళంలా వాడితే గోదావరి జిల్లా రాదు, కోడిపుంజు వస్తుంది. మీ అమ్మమ్మతో పది నిమిషాలు మాట్లాడి రికార్డు చేసుకుని వినండి. ఖర్చు లేదు, ఒక పూట భోజనం కూడా కలిసొస్తుంది.

మరో కొత్త లెక్క, ఫాలోవర్ల కౌంట్. రొయ్యల రైతులు ఇక్కడ తికమకపడుతున్నారు. రొయ్యకి ముప్పై కౌంట్ అంటే కిలోకి ముప్పై, పెద్ద రొయ్య, మంచి రేటు. వంద కౌంటంటే చిన్నది. కౌంట్ తగ్గేకొద్దీ ధర. నటుడి విషయంలో కౌంట్ పెరిగేకొద్దీ ధరట, సరుకు సైజు మాత్రం ఎవరూ వల విసిరి చూడరట. కొన్న ఫాలోవర్లూ ఉంటారని తెలిసినప్పుడు ఒక ఆసామి అడిగిన ప్రశ్న న్యాయమైనదే: "మరి వాళ్ళకి మేత ఎవరేస్తారండి?"

పెట్టుబడి మాట. పంట చేతికొచ్చేదాకా తినడానికి ఇంకో పని ఉండాలి. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల నుంచి వచ్చిన ఎస్వీ రంగారావుగారంతటి మనిషి, తొలి సినిమా ఆడకపోతే జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నారు. పాలకొల్లు అల్లు రామలింగయ్యగారు నవ్వించడంతోపాటు హోమియో మందులూ ఇచ్చారు. రాజమండ్రి ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలకి ఆయన పేరే పెట్టారు. ఇవాళ్టి కుర్రాడు మాత్రం ఉద్యోగం చేస్తే ఏకాగ్రత చెడుతుందని ఇరానీ చాయ్ ముందు ఏకాగ్రతగా కూర్చుంటాడు.

ఆడిషన్ పదకొండింటికైతే గౌతమి ఎక్స్‌ప్రెస్ దిగి సరాసరి వెళ్ళకండి. రాత్రంతా పక్క బెర్తు గురక విన్న కళ్ళకి, తండ్రి పోయిన కొడుకు వేషం తప్ప ఏదీ రాదు. ముందురోజే చేరండి. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్ళండి గానీ డైరెక్టరు గారికి ఇవ్వకండి, ఆయనకి అలాంటి పెట్టెలు రోజూ వస్తాయి. ఆఫీసు బాయ్‌కి ఇవ్వండి. మీ టేపు ఎవరైనా చూశారో లేదో అతనికే తెలుసు.

మన డెల్టాలో ఆదర్శ నటుడెవరని అడిగితే మాకు తోచేది కుమారదేవం నిద్రగన్నేరు చెట్టే. గోదారి గట్టున నిలబడి లెక్కలేనన్ని సినిమాల్లో వేసింది, 'సినిమా చెట్టు' అనే బిరుదు సంపాదించింది. ఒక్కనాడూ కెమెరాకేసి చూడలేదు, తన మార్కు దాటలేదు, హీరో మీద నీడ ఎంత పడాలో అంతే వేసింది. బేటా, అంటే రోజు భత్యం, అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. 2024 ఆగస్టులో ఒరిగిపోయింది. అప్పుడు మాత్రం టీవీలన్నీ క్లోజప్పులు వేశాయి.

చివరగా దరఖాస్తులో 'ప్రస్తుత చిరునామా' అన్న గడి. షూటింగు రాజమండ్రి దగ్గరే అనుకుందాం. రాజోలు అని రాస్తే మీరు 'లోకల్' అవుతారు: రూము ఉండదు, ప్రయాణం ఖర్చు ఉండదు, పొద్దున ఆరింటి కాల్షీటుకి సొంత బండి మీద రావాలి. కృష్ణానగర్ అని రాస్తే రూమూ బేటా ఇస్తారు గానీ "మాకు నిజం గోదారివాళ్ళే కావాలండి" అని ఫోన్ పెట్టేస్తారు. ఈ గడిని పెన్సిల్‌తో నింపండి.