సోఫా డాక్టరు గారి ఉచిత సలహా

ఐలిష్ మెక్‌కోల్గన్ కాస్త ఒళ్లు చేయాలని ఫోన్లున్న పెద్దలంతా కలిసి తీర్మానించారు. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు.

2025లో లండన్ మారథాన్‌కి ముందు ఈ స్కాట్లండ్ పరుగుల అమ్మాయి ప్రాక్టీసు వీడియో ఒకటి వాళ్లమ్మ లిజ్ నెట్‌లో పెట్టింది. అంతే, కింద కామెంట్లలో పెద్దాసుపత్రి వెలిసింది. అస్థిపంజరమట. తిండి మానేసిందట. జబ్బట.

ఈ డాక్టరు గారిని నేను చూడకపోయినా చూసినట్టే చెప్పగలను. రాత్రి పదకొండింటికి సోఫాలో వెల్లకిలా పడుకుని ఉంటారు. పొట్ట మీద చిప్స్ ప్యాకెట్, ప్యాకెట్‌కి ఆనించి ఫోను. వీడియో ఆపుతారు. రెండు వేళ్లతో బొమ్మ పెద్దది చేస్తారు. ఒకటి, రెండు, మూడు అని పక్కటెముకలు లెక్కపెడతారు. నాలుగో ఎముక మీద చిప్స్ నూనె అంటుకుంటుంది. ఫోను చొక్కాకి తుడిచి మళ్లీ ఒకటి నుంచి మొదలు. లెక్క తేలాక బొటనవేలితో రిపోర్టు కొడతారు. ఆ రోజుకి వారి వ్యాయామం అదే. మన పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చుని ‘ఏంటమ్మా ఇలా చిక్కిపోయావ్, ఇంట్లో అన్నం పెట్టట్లేదా’ అని అడిగే పెద్దమనిషికి ఈయన విదేశీ శాఖ.

పాపం, కేసు పూర్వాపరాలు చూసే తీరిక వారికి లేదు. లిజ్ ఈ పిల్లను 1990 నవంబరులో కన్నది. బిడ్డకి తొమ్మిది నెలలప్పుడు, 1991 ఆగస్టులో, టోక్యో ఉక్కపోతలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 10,000 మీటర్లు గెలిచింది. అదీ దాదాపు మొదటి నుంచీ అందరికన్నా ముందుండి. ఆ నవంబరులోనే న్యూయార్క్ మారథాన్ కూడా నెగ్గింది. కామన్వెల్త్ క్రీడల్లో 1986లోనూ, 1990లోనూ ఆమె బంగారం కొట్టిన 10,000 మీటర్లలోనే 2022లో బర్మింగ్‌హామ్‌లో కూతురు 30:48.60తో క్రీడల రికార్డు పెట్టి బంగారం తెచ్చింది. చివరి వంద మీటర్లలో కెన్యా అమ్మాయిని దాటేసి, నేరుగా స్టాండ్స్‌లో ఉన్న అమ్మ దగ్గరికి పరిగెత్తింది. నాలుగు ఒలింపిక్స్ ఆడిన ఒళ్లు అది. దానికి సోఫా నుంచి డైట్ చార్టు!

బ్రిటన్ పరుగుల వీరుడు మో ఫరా ఏమన్నా బొద్దుగా ఉండేవాడా? ఆయన పక్కటెముకలు ఎవడు లెక్కపెట్టాడు? మగాడు సన్నగా ఉంటే అథ్లెట్, ఆడపిల్ల సన్నగా ఉంటే రోగిష్టి! నిజంగా తిండి జబ్బుతో నలిగిపోయే పిల్లలున్నారు. ఆ జబ్బు పేరు మీకు తిట్టుగా పనికొచ్చింది. రేపు పొద్దున్నే బూట్లు వేసుకుని గ్రౌండుకి వెళ్దామనుకున్న పద్నాలుగేళ్ల పిల్ల కూడా మీ కామెంట్లు చదువుతుంది. సిగ్గు లేదా? 34 ఏళ్ల మనిషి తాను ఆరోగ్యంగానే ఉన్నానని లోకానికి సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఎవరికి? చిప్స్ ప్యాకెట్‌కి!

సరే. ఏప్రిల్ 27న లండన్‌లో ఐలిష్ తన మొదటి మారథాన్ 2 గంటల 24 నిమిషాల 25 సెకన్లలో పూర్తి చేసింది. ఎనిమిదో స్థానం, స్కాట్లండ్ రికార్డు. అమ్మ బెస్ట్ టైమ్ కంటే రెండు నిమిషాలకు పైగా తక్కువ.

ఆ రెండు గంటల 24 నిమిషాల్లో డాక్టరు గారు కూడా ఒకసారి లేచారు. ఛార్జర్ కోసం.