తొమ్మిదిలో సగం నాలుగు

గుంటూరు బ్రాడీపేటలో ఉన్న మా డిజైన్ కార్యాలయంలోని సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ను అందరమూ మాస్టారనే పిలుస్తాము. ఐటీఐలో చదువుకుని, ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసి, గీత తప్పితే బ్లేడుతో గీకి, అమ్మోనియా ఘాటుకు కళ్ళు తుడుచుకుంటూ ప్రింట్లు తీయించిన తరం ఆయనది. కంప్యూటరులో ప్లానులు గీసే ఆటోక్యాడ్ వచ్చాక ఆ బ్లేడు సొరుగులోకి వెళ్ళింది కాని ఆ పట్టుదల మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. అటువంటి మనిషి, పదవీ విరమణ దగ్గరపడుతున్న వయసులో, ఒకనాడు మధ్యాహ్నం టీ తాగుతూ, తాను ప్రోగ్రామింగ్ నేర్చుకోబోతున్నట్టు ప్రకటించారు.

కారణం గోడలు. మన ఇళ్ళలో బయటి గోడ తొమ్మిదంగుళాలు, లోపలి అడ్డగోడ నాలుగున్నర. ప్లాను గీసేవారు ముందు గోడల మధ్యరేఖలు వేసుకుని, ఒక్కొక్క రేఖకు ఇటు సగం మందం, అటు సగం మందం జరిపి గీతలు పుట్టించి, మూలల్లో మిగిలిన తోకలన్నిటినీ కత్తిరించాలి. ఇల్లు ఎవరిదైనా, డబ్బు ఎంతైనా ఈ చాకిరీ మాత్రం మారదు. రెండు చివరలూ చూపించగానే గోడ మొత్తం దానంతటదే లేచి నిలబడేలా ఒక చిన్న ప్రోగ్రాం రాసుకోవాలని మాస్టారు నిశ్చయించుకున్నారు. జంటగీతలు ఒకేసారి గీసే ఎంలైన్ అనే ఆదేశం ఆటోక్యాడ్‌లో 1994 నుంచే ఉన్నదని మా జూనియర్ అమ్మాయి వినయంగా గుర్తు చేసింది. “ఉంటే ఉండనీ తల్లీ, అది వాళ్ళు కట్టిన గోడ. మన గోడ మనం కట్టుకోవాలి” అన్నారాయన.

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పుతానని ఆ అమ్మాయే ముందుకు వచ్చింది. మాస్టారు దానికీ ఒప్పుకోలేదు. ఆటోక్యాడ్ లోపలే ఆటోలిస్ప్ అనే భాష ఒకటి కొలువై ఉన్నదని, ఆటోక్యాడ్ 1982లో పుడితే ఈ భాష 1986లో వచ్చి చేరిందని, దీని మూలమైన లిస్ప్‌ను జాన్ మెకార్తీ అనే శాస్త్రవేత్త 1958లోనే ఎంఐటీలో రూపొందించడం మొదలుపెట్టారని ఆయన ఎక్కడో చదివారు. ఈ సమాచారంలో ఆయనకు బాగా నచ్చినది ఒక్కటే: ఆ భాష వయసులో తనకంటే పెద్దది. చిన్నవాళ్ళ దగ్గర పాఠం చెప్పించుకోవడం నామోషీ కాని, పెద్దల దగ్గర కూర్చుని నాలుగు ముక్కలు నేర్చుకోవడంలో తప్పేముంది?

ఆ పెద్దాయన మర్యాదలు వేరుగా ఉన్నాయని తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. లిస్ప్‌లో చేయవలసిన పని ముందు వస్తుంది, ఆ పని ఎవరి మీద చేయాలన్నది తరువాత వస్తుంది. తొమ్మిదిని రెండుతో భాగించాలంటే బ్రాకెట్టు తెరిచి, ముందు భాగహారం గుర్తు వేసి, తరువాత తొమ్మిది, రెండు అని రాసి, బ్రాకెట్టు మూయాలి. తెరిచిన ప్రతి బ్రాకెట్టునూ ఎక్కడో ఒకచోట మూయాలి. మాస్టారు మొదటి రోజుల్లో తెరవడంలో చూపిన ఉదారత మూయడంలో చూపలేదు. బ్రాకెట్టు మూయని వాక్యాన్ని ఇస్తే ఆటోక్యాడ్ తిట్టదు, కొట్టదు. మిగతాది ఎప్పుడు వస్తుందా అని కమాండ్ లైనులో ఒక చిన్న గుర్తు పెట్టుకుని నిరీక్షిస్తుంది. లెక్క పెద్దది కాబట్టి కంప్యూటరు ఆలోచిస్తున్నదని మాస్టారు భావించి, టీ తెప్పించుకుని, దాని జవాబు కోసం ఓపికగా కూర్చున్నారు. అది ఆయన బ్రాకెట్టు కోసం, ఆయన దాని జవాబు కోసం, ఇద్దరూ ఎంతో సంస్కారంతో ఒకరికొకరు ఎదురుచూస్తూ సాయంత్రం దాకా గడిపారు.

తరువాత, అక్షరాలు చక్కగా ఉంటాయని ప్రోగ్రామును వర్డ్‌లో టైపు చేశారు. వర్డ్ తన సౌందర్యదృష్టితో నిటారుగా ఉండవలసిన ఉల్లేఖన చిహ్నాలన్నిటినీ వంపు తిప్పి అలంకరించింది. ఆ వంపు చిహ్నాల మధ్య ఉన్నది మాట అని ఆటోలిస్ప్ గుర్తించనే లేదు. కొత్త ఆదేశానికి పేరు పెట్టేటప్పుడు ముందు సీ అక్షరమూ రెండు చుక్కలూ వేయాలని పుస్తకంలో చదివి, తన ఫైలు డీ డ్రైవులో ఉన్నది కనుక డీ అక్షరం వేశారు. ఆ సీ అక్షరానికీ హార్డ్ డిస్కుకూ ఏ బంధుత్వమూ లేదని అమ్మాయి చెప్పినప్పుడు, “అలాంటప్పుడు అదే అక్షరం ఎందుకు పెట్టుకున్నారమ్మా, వర్ణమాలలో ఇంక అక్షరాలే లేవా?” అని ఆయన అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ మా కార్యాలయంలో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

కోణాల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఒక బిందువు నుంచి నిట్టనిలువుగా పైకి వెళ్ళమని మాస్టారు 90 అని రాశారు. ఆటోక్యాడ్ ఆదేశాలలో మనం డిగ్రీలు ఇస్తాము, కాని ఆటోలిస్ప్ కోణాలను రేడియన్లలోనే తీసుకుంటుంది; ఒక్క రేడియనంటే దాదాపు 57 డిగ్రీలు. 90 రేడియన్లంటే ఆ గీత పద్నాలుగు సార్లు పూర్తి ప్రదక్షిణ చేసి, ఆ పైన మరో 116 డిగ్రీలకు పైగా తిరిగి ఆగాలి. ఫలితంగా గోడ ఎడమవైపుకు సుమారు 27 డిగ్రీలు ఒరిగి నిలబడింది. ప్రపంచమంతా వెళ్ళి చూసి వచ్చే పీసా గోపురం వాలు నాలుగు డిగ్రీలే. మాస్టారు తెరను కాసేపు తదేకంగా చూసి, మానిటరు స్టాండును సరిచేశారు.

ఇంకొక ఉపద్రవాన్ని క్లుప్తంగానే చెబుతాను. ప్రోగ్రాం గీసే గీతలు పక్కనున్న పాత గీతల కొసలకు అతుక్కుపోకుండా, అలా అతికించే ఆబ్జెక్ట్ స్నాప్ అనే ఏర్పాటును మొదట ఆపి, చివర మళ్ళీ తెరవాలి. మాస్టారి ప్రోగ్రాం మొదటి పని శ్రద్ధగా చేసి, మధ్యలో దోషం వచ్చి ఆగిపోయి, చివరి పని దాకా చేరలేదు. మర్నాడు ఆ కంప్యూటరులో ఏ గీతా ఏ మూలనూ పట్టుకోలేదు. ఆ నిందకు ఏ పాపమూ ఎరుగని ఒక మౌసు బలి అయింది; కార్యాలయం ఖర్చుతో కొత్తది వచ్చింది, అదీ పట్టుకోలేదు.

ఇన్ని అవాంతరాలు దాటాక ఒక శుభదినాన ప్రోగ్రాం పని చేసింది. రెండు ఆదేశాలు తయారయ్యాయి: ఒకటి నాలుగున్నర అంగుళాల గోడకు, ఒకటి తొమ్మిదంగుళాల గోడకు. మాస్టారు ముందు అడ్డగోడను గీసి, కొలిచి, మధ్యరేఖకు అటూ ఇటూ సరిగ్గా రెండుంపావు అంగుళాలు రావడం చూసి, రెండోదాన్ని కొలవవలసిన అవసరం లేదని తీర్మానించారు. తమ్ముడు బుద్ధిమంతుడైతే అన్న గురించి విచారించడం మర్యాద కాదు కదా. ఆ వారం వచ్చిన రెండంతస్తుల ఇల్లు మొత్తం ఈ కొత్త ఆదేశాలతోనే లేచింది. మా సారు వెనక నిలబడి, గోడలు చకచకా మొలవడం చూసి, ఆనందం పట్టలేక అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించారు. కొలతలు అమ్మాయి వేసింది, ప్రింట్లు వెళ్ళిపోయాయి.

ఆ ఇంటి యజమానికి ఒక సిద్ధాంతిగారు ఉన్నారు. ప్లానులు సరిచూసే ఇంజినీరు ఒకచోట ఏమరుపాటు పడవచ్చునేమో కాని, గది లోపలి కొలతల దగ్గర సిద్ధాంతి ఏమరడు. పొడవు, వెడల్పులను హెచ్చించి, తన సంప్రదాయం చెప్పిన గుణకంతో మళ్ళీ హెచ్చించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన శేషాన్ని బట్టి ఆయం, అంటే వాస్తు ప్రకారం ఆ గది మంచిదో కాదో చెప్పే వర్గం, నిర్ణయిస్తారు. ఒకటి మిగిలితే ధ్వజాయం, మూడైతే సింహాయం, అయిదైతే వృషభాయం, ఏడైతే గజాయం, ఇవి మంచివి. రెండు ధూమం, నాలుగు శ్వానం, ఆరు ఖరం, ఏమీ మిగలకపోతే కాకం. వీటిని ఎవరూ ఇంట్లోకి రానివ్వరు. భాగఫలం ఎంత వచ్చిందో ఆయనకు అక్కరలేదు. ఆ శాస్త్రమంతా శేషం మీదే నిలబడి ఉన్నది.

పడకగది లోపలి వెడల్పు పది అడుగులు ఉండాలని ఆయనే నిర్ణయించి ఇచ్చారు. ప్లానులో పది అడుగుల ఒక అంగుళం ఉన్నది. సిద్ధాంతిగారు పంచాంగం చంకన పెట్టుకుని స్వయంగా కార్యాలయానికి వేంచేశారు.

“మాస్టారూ, నేను వృషభాయం అడిగితే తమరు ఖరాయం దయచేశారు. ఎద్దును కట్టవలసిన చోట గాడిదను కట్టారు.”

“గ్రిడ్డు చూడండి స్వామీ, మధ్యరేఖ నుంచి మధ్యరేఖకు పది అడుగుల తొమ్మిదంగుళాలు. అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర తీసేస్తే సరిగ్గా పది.”

“మీ లెక్క బాగానే ఉన్నది, మీ గోడే బాగా లేదు.”

అదే సమయానికి సైటు ఇంజినీరు ఫోను చేసి, తొమ్మిదంగుళాల స్తంభాలు గోడలోనుంచి అటు అర అంగుళం, ఇటు అర అంగుళం బయటికి తొంగిచూస్తున్నాయని, ఇది కొత్త ఫ్యాషనా అని అడిగారు. అమ్మాయి ఏమీ మాట్లాడకుండా డిస్టెన్స్ ఆదేశంతో గోడను కొలిచింది. ఎనిమిదంగుళాలు! ఇంటి చుట్టూ ఉన్న ప్రతి పెద్ద గోడా ఒక్కొక్క అంగుళం చిక్కిపోయి ఉన్నది. యాభైకి ఒకటి స్కేలులో అర అంగుళమంటే కాగితం మీద పావు మిల్లీమీటరు, అంటే ఒక గీత మందం. అందుకే ప్రింటు మీద ఎవరి కంటికీ ఆనలేదు.

“తొమ్మిదనే రాశానమ్మా, కావాలంటే చూడు” అన్నారు మాస్టారు, గొంతు కాస్త తగ్గించి. అక్కడ తొమ్మిదే ఉన్నది. పక్కన భాగహారం, రెండు కూడా ఉన్నాయి. అమ్మాయి ఆ ముక్కనే కమాండ్ లైనులో ఇచ్చి మీట నొక్కింది. కంప్యూటరు ఏమాత్రం తడబడకుండా 4 అని చెప్పింది.

విషయం ఇది. ఆటోలిస్ప్‌కు రెండు పూర్ణాంకాలు ఇచ్చి భాగించమంటే జవాబు కూడా పూర్ణాంకమే ఇస్తుంది. పైన మిగిలిన భిన్నాన్ని దగ్గరి అంకెకు సవరించను కూడా సవరించదు, కోసి అవతల పారేస్తుంది. 9కి బదులు 9.0 అని ఒక్క చుక్క పెడితే నాలుగున్నర వచ్చి ఉండేది. అడ్డగోడ విషయంలో నాలుగున్నర అనే అంకెలోనే చుక్క ఉన్నది కాబట్టి అది గండం గడిచి బయటపడింది. నాకు తోచినంతవరకు, ఈ భాషతో వచ్చిన చిక్కు దాని కోపం కాదు, దాని సౌమ్యత. ఫైలులో బ్రాకెట్టు తప్పితేనో, అంకె ఉండవలసిన చోట ఏమీ లేకపోతేనో ఎర్రర్ అంటూ నిలదీసి ఆపుతుంది. దాని తిట్లు వినబడినన్నాళ్ళూ ఇళ్ళు క్షేమంగా ఉన్నాయి. తిట్లు ఆగిపోయి మేము బజ్జీలు తిన్న రోజునే గోడలు చిక్కిపోయాయి.

ఈ వివరణను అందరికంటే శ్రద్ధగా విన్నవారు సిద్ధాంతిగారు. తొమ్మిదిని రెండుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కదా, ఆ ఒకటి ఏమైపోయిందని ఆయన పదేపదే అడిగారు. అది ఎక్కడికీ పోలేదని, కావాలంటే రెమ్ అనే మరో ఆదేశంతో శేషాన్ని మాత్రమే అడిగి తెప్పించుకోవచ్చునని అమ్మాయి అన్నది. ఆ మాటతో సిద్ధాంతిగారి ముఖం వెలిగిపోయింది. భాగఫలాన్ని వదిలేసి శేషాన్ని మాత్రమే చెప్పే ఏర్పాటు ఒకటి యంత్రంలో ముందే ఉన్నదంటే, దాన్ని కనిపెట్టినవాడికి వాస్తు తెలిసే ఉండాలని ఆయన అభిప్రాయపడ్డారు. గదిని తెర మీద చూపించగానే ఆయం పేరు పలికే ప్రోగ్రాం ఒకటి తనకు రాసిపెట్టాలని, గోడల సంగతి యజమానికి తాను నచ్చజెబుతానని బేరం పెట్టారు. మాస్టారు పోయిన పరువును రాబట్టుకునే అవకాశం వచ్చిందని ఒప్పుకున్నారు.

ఈసారి మాస్టారు దెబ్బ తిన్నవారు కనుక, కనిపించిన ప్రతి అంకెకూ చుక్క పెట్టి సున్నా చేర్చారు. ఎనిమిది కూడా 8.0 అయింది. ప్లానులో గోడలన్నీ సరిదిద్దాక, సిద్ధాంతిగారిని పక్కన కూర్చోబెట్టుకుని, పడకగది మూలలు చూపించి ఆదేశం ఇచ్చారు. శేషం 5.73 అని వచ్చింది. ఆ అంకెకు తగిన ఆయం పేరు ప్రోగ్రాములో లేదు కాబట్టి, ఆ స్థానంలో ఖాళీ వచ్చింది.

అయిదు వృషభం, ఆరు ఖరం. ఎద్దు దాటి, గాడిదకు కాస్త ఇవతల నిలబడ్డ ఆ జంతువు ఏమిటో శాస్త్రంలో లేదు. సిద్ధాంతిగారు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకుని, ఎంతో సులువైన విషయాన్ని చెప్పే ధోరణిలో, “పైన ఉన్న భిన్నాన్ని తీసి పారేయండి మాస్టారూ. అయిదే లెక్క. భిన్నాన్ని ఎవరు పట్టించుకుంటారు?” అన్నారు.

మాస్టారు కీబోర్డు మీది చేతులు తీసి, కుర్చీని ఆయన వైపు తిప్పారు.

“అర అంగుళం పారేసిందని మొన్న మీరు ఈ కంప్యూటరును పట్టుకుని అన్నన్ని మాటలు అన్నారు కదా స్వామీ?”

“అది గోడండీ” అన్నారు సిద్ధాంతిగారు, “ఇది ఆయం.”