గాలి ఆగాక వచ్చే నీటి సంగతీ రాయండి

తుఫాను శ్రీకాకుళం తీరం వైపు వస్తోందన్న మీ కథనంలో గాలి వేగం గురించి వివరంగా రాశారు. కానీ వంశధార ఒడ్డున ఉండే మాలాంటి వాళ్లకు అసలు భయం గాలి ఆగాకే మొదలవుతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. గండం గడిచిందని మేము ఊపిరి పీల్చుకునేలోపే, ఒడిశా కొండల్లో కురిసిన వాన వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దాటి మా పొలాల మీదికి వచ్చింది. మా నాన్నగారు పశువుల పలుపులు కోసి వదిలేశారు. ఆ రాత్రి గురించి ఆయన ఇప్పటికీ మాట్లాడరు.

వంశధార, నాగావళి రెండూ ఒడిశాలో పుట్టినవే. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడ కుంభవృష్టి కురిస్తే వరద మనకే. అందుకే గొట్టా దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో, ఆ నీరు ఏ ఊరికి ఎప్పుడు చేరుతుందో గంటగంటకూ ప్రచురించండి. కరెంటు పోతే ఫోన్లు కూడా మూగబోతాయి కాబట్టి అధికారులు ఊరూరా దండోరా ఈ రోజే వేయించాలి. పునరావాస కేంద్రాలకు వెళ్లినవారికి నా విన్నపం ఒక్కటే: గాలి తగ్గింది కదా అని తొందరపడి ఇంటికి బయలుదేరకండి.