అల్యూమినియం సైకిళ్ళని అర్జెంటుగా నిషేధించాలి

రోడ్డు మధ్యలో పడుకునే గేదెల గురించీ, ఫుట్‌పాత్ మీద బజ్జీల బళ్ళ గురించీ ప్రభుత్వం వారు అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటారు, మంచిదే, కానీ అంతకంటే పెద్ద ఘోరం ఒకటి బెజవాడలో రోజూ పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద జరుగుతుంటే ఒక్కరూ నోరెత్తరు. మూడు లక్షలు పోసి కార్బన్ ఫైబర్ ఫ్రేమ్ ఉన్న సైకిల్ కొని, దానికి మ్యాచింగ్ సాక్సులు కూడా కొని, ఎంతో బాధ్యతగా తొక్కుకుంటూ వెళ్తున్న పెద్దమనిషిని, లక్ష కూడా చెయ్యని అల్యూమినియం సైకిల్ మీద ఎవడో కుర్రాడు దాటేసి సీతానగరం వైపు వెళ్ళిపోతున్నాడు. పోతూ పోతూ "సైడు అంకుల్" అంటున్నాడు. ఆ అంకుల్ అనేది ఇంకా దారుణం.

డబ్బు పెట్టినోడు ముందుండాలి, పెట్టనోడు వెనకుండాలి, ఇది మనం అన్నిచోట్లా పాటిస్తున్న పద్ధతే కదా, అమ్మవారి కొండ మీద కూడా టికెట్టు లైను వేరు, ధర్మదర్శనం లైను వేరు. మరి బ్యారేజీ మీద మాత్రం ఈ అరాచకం ఏంటి?

సరే, ఆవేశం పక్కన పెట్టి లెక్కల్లోకి వద్దాం. బాగా చేసిన అల్యూమినియం రోడ్ ఫ్రేమ్ 1100 నుంచి 1300 గ్రాములు తూగుతుంది. మధ్యరకం కార్బన్ ఫ్రేమ్ 900 నుంచి 1100 దాకా. తేడా 200, మహా అయితే 300 గ్రాములు. దీనికోసం మా కార్బన్ సైకిళ్ళవాళ్ళు అదనంగా పెట్టింది రెండు లక్షలు, అంటే గ్రాముకి ఆరేడొందలు, ఆ డబ్బుతో వెండి కొన్నా బీరువాలో పడుండేది. ఇప్పుడు మనిషీ సైకిలూ నీళ్ళ బాటిలూ కలిపి 85 కిలోలు అనుకోండి, అందులో 300 గ్రాములంటే నూటికి 0.35. ఒకే బలంతో తొక్కితే ఎక్కుడులో పట్టే టైము దాదాపు మొత్తం బరువుని బట్టే ఉంటుంది కాబట్టి, గంటసేపు ఎక్కే కొండ మీద ఓ పన్నెండు పదమూడు సెకన్లు కలిసొస్తాయి. ఆల్ప్స్‌లో ఉండేవాళ్ళకి పనికొస్తుందేమో, మనకి గంటసేపు ఎక్కే కొండ ఎక్కడుందండీ? మంగళగిరి పానకాల స్వామి కొండ పది నిమిషాల్లో ఎక్కారనుకుంటే మిగిలేది రెండు సెకన్లు. పైగా స్వామివారు పోసిన పానకంలో సగమే తీసుకుని మిగతా సగం మనకే వదిలేస్తారు, అది తాగి కిందకి దిగేలోపు ఆ 300 గ్రాములూ తిరిగి ఒంట్లోకి వచ్చేస్తాయి.

ఈ లెక్క బయటికి పొక్కకుండా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

అసలు అల్యూమినియానికి ఇంత ధైర్యం ఎక్కడిదంటే, తప్పంతా ఇంజనీర్లది. స్టీలుతో పోలిస్తే దీని బరువు మూడో వంతు, బిగువు కూడా మూడో వంతే, కాబట్టి స్టీలు గొట్టం సైజులోనే దీన్నీ చేస్తే ఊగుతుంది, అక్కడితో ఆ కథ ముగిసిపోవాలి. కానీ అమెరికాలో ముందు క్లైన్, తర్వాత 1980ల్లో క్యానన్‌డేల్ అనే సైకిల్ కంపెనీల వాళ్ళు ఊరుకోకుండా గొట్టాన్ని లావు చేసి గోడని పల్చన చేశారు. గోడ మందం అంతే ఉంచి గొట్టం వ్యాసం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది. అది చాలదన్నట్టు చివర్లు మందంగా, మధ్యలో పల్చగా లాగడం మొదలెట్టారు, బటింగ్ అంటారు దాన్ని, అవసరం లేనిచోట లోహం పెట్టకపోవడం. వెల్డింగ్ వేడికి 6061 రకం అల్యూమినియం అతుకుల దగ్గర మెత్తబడుతుంది, అందుకని ఫ్రేమ్ మొత్తాన్ని 500 డిగ్రీలు దాటించి కాల్చి, గబుక్కున చల్లార్చి, మళ్ళీ 170 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచి గట్టిపరుస్తారు. టీ6 అని స్టిక్కర్ మీద రాసేది దీన్నే. మే నెలలో బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర మనకి జరిగేది కూడా ఇంచుమించు ఇదే, కాకపోతే మనం గట్టిపడం.

1998లో టూర్ డి ఫ్రాన్స్ అనే పెద్ద సైకిల్ రేసుని మార్కో పాంటానీ గెలిచింది బియాంకీ కంపెనీ అల్యూమినియం సైకిల్ మీదే. ఆ ఏడాది టూర్ మొత్తం డోపింగ్ గొడవలతోనే నడిచిందనుకోండి, అందులో సైకిల్ చేసిన పాపం ఏం లేదు. మరుసటేడు కార్బన్ గెలిచింది, గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ టైటిళ్ళన్నీ డోపింగ్ వల్ల 2012లో రద్దు చేశారు, ఈ విషయం మా కార్బన్ పెద్దల ముందు ఎత్తకపోవడం మర్యాద. రేసు సైకిల్ 6.8 కిలోలకి తగ్గకూడదని అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ వాళ్ళు 2000లోనే రూలు పెట్టారు, మావాళ్ళు మాత్రం ఇంకా టైటానియం బోల్టులు వేయించి నలభై గ్రాములు తగ్గించుకుంటున్నారు, ఏ రేసుకి వెళ్తారో వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ తెలీదు.

ఇంతకంటే పెద్ద మోసం ఇంకోటుంది. ఒకప్పుడు అల్యూమినియం సైకిలంటే అతుకుల దగ్గర వెల్డింగ్ గాట్లు వరసగా కనిపించేవి, చూడగానే ఎవరి స్థాయి ఏంటో తెలిసిపోయేది. ఇప్పుడు ఆ అతుకుల్ని నున్నగా చేసి పైన రంగేస్తున్నారు, రెండడుగుల దూరం నుంచి చూస్తే కార్బనో కాదో ఎవరికీ అర్థం కాదు. దాంతో పాపం మావాళ్ళు టీ తాగే దగ్గర పక్కోడి సైకిల్ మీద గోటితో కొట్టి చూడాల్సొస్తోంది, టింగ్ మంటే అల్యూమినియం, డబ్ మంటే కార్బన్. ఇన్ని లక్షలు పెట్టి ఇలా తలుపు తట్టినట్టు తట్టుకుంటూ తిరగడం ఎంత అవమానమో ఆలోచించండి. ఒకప్పుడు తెల్ల రేషన్ కార్డు, గులాబీ కార్డు ఉన్నట్టే సైకిల్ ఫ్రేములకి కూడా రంగులు పెట్టెయ్యాలి.

నిషేధించమని అడిగేటప్పుడు ముందు నేరం రుజువు చెయ్యాలి కదా, అందుకని మా బావమరిది కొత్తగా కొన్న అల్యూమినియం సైకిల్ తీసుకుని కరకట్ట మీద ఉండవల్లి దాటి వెంకటపాలెం దాకా వెళ్ళొచ్చా. అల్యూమినియం మీద ప్రతి గుంటా వెన్నుపూసకి తగులుతుందని ఎప్పట్నుంచో చెప్పుకుంటారు, నేనూ ఆ ఆశతోనే ఎక్కాను. తగలాల్సిన గుంటలన్నీ తగిలాయి గానీ వెన్నుపూస దాకా రాలేదు. కారణం వెతికితే టైర్లు, 28 మిల్లీమీటర్లవి, 75 పీఎస్‌ఐ గాలి. మామూలు ఫ్రేమ్ నిలువుగా వంగేది కంటికి కనపడనంత, టైరు నొక్కుకునేది మిల్లీమీటర్ల లెక్క, అంటే రెండు వేల టైరు చేసే పనిని మనం ఇన్నాళ్ళూ రెండు లక్షల ఫ్రేమ్ ఖాతాలో రాసుకుంటున్నాం. అదే ఫ్రేమ్‌కి పాతకాలం 23 టైర్లేసి 120 కొట్టించి తొక్కమనండి, అప్పుడు దొరుకుతుంది సాక్ష్యం. ముందు ఫోర్కు చూస్తే అది కార్బన్‌దే, ఈ రేట్లో కూడా చాలావరకు అలాగే ఇస్తున్నారు, ఇదో కుట్ర. లేచి నిలబడి గట్టిగా తొక్కితే కింద ఫ్రేమ్ పక్కకి కదల్లేదు, వేసిన బలం వేసినట్టు చక్రానికి వెళ్ళింది. ఒప్పుకోవాల్సింది ఒకటుంది, కంకర తేలిన రోడ్డు మీద అరచేతుల్లో సన్నగా జిల్లుమంటుంది, మంచి కార్బన్‌లో అది తక్కువ. మందం హ్యాండిల్ టేప్ చుడితే సగం పోతుంది, ఈ చిట్కా కూడా దయచేసి ఎవరికీ చెప్పకండి.

"ఎలా ఉంది బావా?" అన్నాడు తిరిగొచ్చాక.

"ప్రమాదకరంగా ఉందిరా."

"బ్రేకులా?"

"కాదురా, బాగుంది."

ల్యాబుల్లో ఐఎస్‌ఓ 4210 అనే సైకిళ్ళ భద్రతా ప్రమాణం ప్రకారం పెడల్ మీద లక్షసార్లు బరువేసి ఫ్రేమ్ పగులుతుందో లేదో చూస్తారట. సీతానగరం టీ బండి దగ్గర అంతకంటే కఠినమైన పరీక్ష జరుగుతుంది. ఎంతండీ అన్నారు, డెబ్బై అన్నాం, డెబ్బై వేలా, దీనికి స్టాండ్ కూడా లేదేంటి, మడ్‌గార్డు ఏది, బెల్లేది, ఈ డబ్బుకి సెకండ్ హ్యాండ్ బండొచ్చేది కదండీ. కార్బనో అల్యూమినియమో ఒక్కరూ అడగలేదు. గుంటూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక చేత్తో పైకి లేపి చూసి, "వెనక మిర్చి టిక్కీ ఒకటి ఆగుద్దా?" అన్నాడు, టిక్కీ అంటే బస్తా. క్యారియరే లేదు బాబాయ్ అంటే, "మరి తేలిగ్గా ఉండి ఏం లాభం?" అని వెళ్ళిపోయాడు. నాకు తెలిసి ఫ్రేముల మీద ఇంత నిష్పక్షపాతంగా రివ్యూ ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

అల్యూమినియం మీద మావాళ్ళకి మిగిలిన ఒకే ఒక్క గట్టి ఆధారం ఫెటీగ్, అంటే లోహం అలసిపోవడం. స్టీలు ఒక హద్దుకి లోపల ఎన్నిసార్లు వంగినా ఓర్చుకుంటుంది, అల్యూమినియానికి ఆ హద్దు లేదు, చిన్న చిన్న బరువులే కోట్లసార్లు పడినా ఎప్పటికో ఒకప్పటికి పగులిస్తుంది. ఆ ఎప్పటికో అన్నది చాలా ఏళ్ళ తర్వాత వచ్చేలా చూసుకునే డిజైన్ చేస్తారు, కడిగినప్పుడల్లా పెడల్స్ దగ్గర అతుకులూ, హ్యాండిల్ కింద అతుకులూ ఓసారి చూసుకుంటే చాలు. సొట్ట పడినా కంటికి కనిపిస్తుంది. కార్బన్ పడిపోతే పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోయాయో లేదో తెలియాలంటే అల్ట్రాసౌండ్ చెయ్యాలి. మన సూర్యారావుపేటలో స్కానింగ్ సెంటర్లకి కొదవ లేదు, కానీ అడిగితే పేషెంట్ పేరు, వయసు చెప్పమంటున్నారు.

కాబట్టి నిషేధం తప్ప వేరే దారి లేదు. వెంటనే కుదరకపోతే కనీసం అల్యూమినియం సైకిల్ మీద పోయేవాళ్ళు కార్బన్ కనిపించగానే రెండు గేర్లు తగ్గించాలనీ, బ్యారేజీ మీద సెల్ఫీ దిగుతున్న కార్బన్ యజమానిని ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడదనీ జీవో ఇవ్వాలి. అమలు మాత్రం మే ఒకటో తారీఖు నుంచే మొదలెట్టాలని మనవి, ఆ ఎండలకి ఏడు దాటితే బెజవాడలో ఎలాగూ ఎవరూ సైకిల్ తొక్కరు కాబట్టి మొదటి నెల్లోనే నిషేధం నూటికి నూరు శాతం విజయవంతమైందని పేపర్లో వేసుకోవచ్చు.