బాలింతకు అన్నం ఎవరు పెడతారు?

మన సంఘాల్లో విరాళాలు పోగైనప్పుడల్లా "ఆఫ్రికాలో ఏదైనా ఆసుపత్రికి ఇంక్యుబేటర్ పంపుదాం" అని ఎవరో ఒకరు అంటారు. ఫొటోకి బాగుంటుంది మరి: అద్దాల పెట్టె, లోపల పసిగుడ్డు, పక్కన సంఘం బ్యానరు. కానీ మలావీ లాంటి దేశంలో ఆ డబ్బు ముందు వెళ్ళాల్సింది బిడ్డ తల్లికి అంటాం మేము.

మలావీ సర్వే లెక్కలు చూడండి. 2004లో ఆసుపత్రి కాన్పులు 57 శాతం. 2015–16కి 91 శాతం. ఈమధ్యలో ఐదేళ్ళలోపు పిల్లల మరణాలు వెయ్యికి 133 నుంచి 63కి దిగాయి. పుట్టిన 28 రోజుల్లోపు పోయే బిడ్డలు మాత్రం 2004లో వెయ్యికి 27, 2015–16లోనూ 27. తర్వాతి అంచనాల్లో కొంత తగ్గినా, ఆ పదకొండేళ్ళూ ఏమైనట్టు? పేదింటి మనిషి ఆసుపత్రి గడప తొక్కింది, పేదరికం కూడా మూటతోపాటు లోపలికొచ్చింది.

మూట అన్నది మాటవరసకి కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పుకి ఫీజు లేదు గానీ, నిండు చూలాలు ప్లాస్టిక్ షీటు, బ్లేడు, బేసిను, మూడు నాలుగు చితెంజెలు తెచ్చుకోవాలి. చితెంజె అంటే రెండు మీటర్ల అచ్చుబట్ట. కట్టుకునేదీ అదే, బిడ్డను తుడిచేదీ అదే, పొత్తిళ్ళూ అదే. ఒక్కటే ఉన్న తల్లి, బిడ్డను తుడిచిన తడిబట్టలోనే చుట్టేస్తుంది. కిలోన్నర బిడ్డకు ఆ చలి చాలు. ఒళ్ళు 36.5 డిగ్రీల కిందికి పోయిందంటే పాలు తాగే ఓపిక పోతుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది, ఊపిరి తడబడుతుంది.

నెలలు నిండని కాన్పుల్లో మలావీ ప్రపంచంలోనే ముందుందని 2012 అంచనా: నూటికి 18. ఇలాంటి పిల్లలకు అక్కడ నిజంగా పనిచేస్తున్నది కంగారూ కేర్. బిడ్డకు టోపీ, సాక్సు, డైపరు మాత్రమే ఉంచి, తల్లి రొమ్ముల నడుమ నిటారుగా, కప్పకాళ్ళతో ఆనించాలి. తల ఒక పక్కకి తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉండాలి. కట్టుబట్ట పై అంచు చెవి కిందికి రావాలి, కింది అంచు పిర్రల కింద గట్టిగా పట్టాలి. కట్టు వదులైతే బిడ్డ జారి మెడ ముందుకు ముడుచుకుంటుంది. అప్పుడు ఊపిరి ఆడదు, పైకి ఏడుపూ వినిపించదు. తడిసిన డైపరు వెంటనే మార్చకపోతే ఇంత శ్రమా దండగే. చప్పరించలేని బిడ్డకు రెండు మూడు గంటలకోసారి పిండిన పాలు, ముర్రుపాలతో మొదలుపెట్టి, ట్యూబుతోనో చిన్న కప్పుతోనో పట్టాలి. మన ఉగ్గుగిన్నె పనే.

ఘనా, ఇండియా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో 3,211 మంది పిల్లలతో చేసిన పరిశీలన 2021లో వచ్చింది. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బిడ్డల్ని, స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టగానే ఎదకు కట్టారు. 28 రోజుల్లో మరణాలు 15.7 శాతానికి బదులు 12 శాతమే. అయితే ఆ బిడ్డలు రోజుకి దాదాపు 17 గంటలు ఎదమీదే ఉన్నారు. తల్లి మంచం కూడా బిడ్డల ఐసీయూలోనే వేశారు, ఆమె లేచినప్పుడు మోయడానికి మరో మనిషి ఉండేది.

కంగారూ కేర్ చవక అనే మాట అందుకే మాకు రుచించదు. చవక ఆసుపత్రికి! పుట్టినప్పుడు 1.4 కిలోలున్న బిడ్డ మొదటి వారం బరువు తగ్గి, రెండో వారానికి తిరిగి పుంజుకుని, ఆపైన రోజుకి 20, 25 గ్రాములు పెరిగితే, 1.8 కిలోలు దాటేసరికి నెల. ఆ నెలంతా పచ్చి బాలింతకు వండిపెట్టే మనిషి కావాలి. అక్కడ ఆ మనిషిని గార్డియన్ అంటారు. నవంబరు, డిసెంబరుల్లో మొక్కజొన్న విత్తే అదనులో కాన్పయితే ఆ గార్డియన్‌కీ చేను వదిలి రావడం కుదరదు. ఇంట్లో మిగతా పిల్లలు, సంచిలో అడుగంటిన పిండి. పన్నెండో రోజున తల్లి వెళ్ళిపోతానంటుంది. కలిగిన ఇంటి ఆమె ఉంటుంది. ఇద్దరికీ దొరికింది ఒకే వార్డు, ఒకే నర్సు.

ఈ కూలి నష్టాన్ని మనవాళ్ళు ఎప్పుడో గుర్తించారు. 2017లో తెలంగాణలో కేసీఆర్ కిట్‌తోపాటు 12,000 రూపాయలు, ఆడపిల్లైతే 13,000 ఇచ్చింది అందుకే.

యంత్రాలే వద్దని కాదు. మలావీ నగరం బ్లాంటైర్‌లోని క్వీన్ ఎలిజబెత్ ఆసుపత్రిలో తక్కువ ఖర్చు బబుల్ సీప్యాప్, అంటే ముక్కు ద్వారా గాలిని కాస్త ఒత్తిడితో ఊపిరితిత్తుల్లోకి పంపే సాధనం, పెట్టినప్పుడు, ఊపిరి అందని నవజాత శిశువుల్లో 71 శాతం బతికారు. ఆక్సిజన్ మాత్రమే అందిన వారిలో 44 శాతం. గొట్టం చివర నీళ్ళలో ఎన్ని సెంటీమీటర్లు మునిగితే ఊపిరితిత్తుల్లో అంత ఒత్తిడి. నీళ్ళలో బుడగలు ఆగాయంటే ఎక్కడో గాలి పోతున్నట్టే, ఎక్కువగా ముక్కు దగ్గర. ముక్కులో పెట్టే చిన్న గొట్టాన్ని ప్రాంగ్ అంటారు. అది చిన్నదైతే గాలి లీకు, మరీ బిగిస్తే ముక్కు నడిమి గోడ పుండు. కొరత వచ్చేది ఈ ప్రాంగుల సైజుల దగ్గరే, మిషను దగ్గర కాదు.

ఇంక్యుబేటర్ సంగతి వేరు. అమెరికా నుంచి వెళ్ళేది 120 వోల్టులది, అక్కడి కరెంటు 230. తగిన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా కరెంటు పోతుంది, బిడ్డ వేడి కొలిచే ప్రోబు పోతే దొరకదు, తేమ కోసం పోసిన నీళ్ళు మార్చకపోతే అందులోనే సూక్ష్మజీవులు. పేద దేశాల ఆసుపత్రుల్లో దాదాపు 40 శాతం పరికరాలు పనిచేయకుండా పడున్నాయని 2011లో ఒక పరిశీలన తేల్చింది.

అందుకని సంఘం కమిటీలకు మా సూచన: ఒక జిల్లా ఆసుపత్రి కంగారూ వార్డును రెండేళ్ళకు పట్టుకోండి. తల్లికీ గార్డియన్‌కీ రెండు పూటలా తిండి, మనిషికి మూడు చితెంజెలు, ఒరిగి పడుకునే మంచాలు, 5 గ్రాముల తేడా చూపే తూకం యంత్రం, ప్రాంగులు అన్ని సైజుల్లో. ఇంటికి పంపాక బిడ్డ 2.5 కిలోలు తూగేదాకా వారం వారం తూకానికి రావాలి కదా, దానికి కబాజా, అంటే సైకిల్ టాక్సీ, రానుపోను కిరాయి ముందే తల్లి చేతిలో పెట్టించండి. ఆర్నెల్లకోసారి లెక్క అడిగేటప్పుడు, కొన్న వస్తువుల జాబితాతో సరిపెట్టుకోవద్దు. డిశ్చార్జి అయిన వాళ్ళలో మొదటి తూకానికి ఎందరు తిరిగొచ్చారో ఆ రిజిస్టరు పేజీ ఫొటో తీసి పంపమనండి.