పిడుగుకూ బియ్యానికీ ఒకటే మెసేజ్

పిడుగుల విషయంలో అధికారుల్ని తప్పుపట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ చెప్పింది. 'ముప్పై ఆరువేల పైచిలుకు' అని సరిపెట్టలేదు, చివరి తొమ్మిది దాకా లెక్క తేల్చింది. రేషన్ కార్డులకైనా మనకింత కచ్చితమైన లెక్క ఉందా?

హెచ్చరికలకూ లోటు లేదు. మబ్బు ముసిరితే మండలం పేరుతో సహా మెసేజ్ వస్తుంది: చెట్ల కింద ఉండకండి, సురక్షిత భవనాల్లోకి వెళ్లండి. చుట్టుపక్కల ఎక్కడ మెరిసిందో చూపించే దామిని యాప్ కూడా ఉంది. అపార్ట్‌మెంట్‌లో ఉండే నాలాంటివాడు ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తాడు. టీవీ ప్లగ్గు పీకేసి, బాల్కనీలోకెళ్లి, మెరుపుల్ని వీడియో తీసి స్టేటస్ పెట్టుకుంటాడు.

చిక్కంతా పొలాల్లో ఉన్నవాళ్లతోనే. పత్తిచేలో కలుపు తీసే ఆవిడ ఫోను సద్దిసంచిలో ఉంటుంది, సంచి గట్టు మీది వేపచెట్టు కొమ్మకు వేలాడుతుంది. మెసేజ్ సకాలంలోనే వచ్చింది, చెట్టుకు. చెట్ల కింద ఉండొద్దని స్వయానా చెట్టుకే చెప్పాక ఇంకేం చెయ్యాలి?

ఇక సురక్షిత భవనం. కనుచూపు మేరలో ఉన్న కట్టడం మోటారు షెడ్డు ఒక్కటే, అదీ రేకులది. అద్దాలు మూసిన కారులో కూర్చున్నా క్షేమమే. టైర్ల వల్ల కాదు, పిడుగు కరెంటు ఇనుప బాడీ మీదుగా నేలలోకి దిగిపోతుంది కాబట్టి. కలుపుకు కారులో రాకపోవడం ఎవరి నిర్లక్ష్యం? ఏ చోటూ దొరక్కపోతే మాత్రం నేలమీద పడుకోకూడదు, పాదాలు దగ్గరకు చేర్చి, తల వంచి గొంతుక్కూర్చోవాలట. రోజంతా వాళ్లుండేది ఆ భంగిమలోనే కనుక ప్రత్యేక శిక్షణ ఖర్చు కూడా ఆదా.

మన పెద్దల 'అర్జునా ఫల్గుణా'ను తక్కువ చెయ్యకండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు దూరం. 30 సెకన్లలోపే ఉరిమితే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు, వెంటనే లోపలికి పోవాలి. అర్జునుడి పేర్లు పది. సెకనుకొకటి చొప్పున మూడుసార్లు చదివే లోపు ఉరుము వినపడితే పరుగెత్తడమే. వాచీ అక్కర్లేదు. అయితే మనవాళ్లు పరుగు మానేసి నాలుగోసారి మొదలుపెడతారు.

2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది పోయారు. ఇలా పోయేవాళ్లలో ఎక్కువమంది చేలల్లో, గుట్టల మీద, గొర్రెల వెంట ఉన్నవాళ్లే. పిడుగుకు పక్షపాతం ఉందేమో విచారణ కమిషన్ వెయ్యాలి.

చివరి ఉరుము వినిపించాక కూడా అరగంట ఆగాలి అన్నది అసలైన జాగ్రత్త. మేస్త్రీ ఆగనివ్వడు. ఆగితే పూట కూలి కోత. అందుకే ఆ మెసేజ్ చివర 'ఈ అరగంటకు కూలి కొయ్యరాదు' అని ఒక్క వాక్యం చేర్చమని ప్రతిపాదిస్తున్నాను. ఆ అరగంట డబ్బు రైతు ఇవ్వాలా, రెవెన్యూ ఇవ్వాలా, కార్మిక శాఖ ఇవ్వాలా అనేది తేలేవరకూ కూలీలు ఎవరి పూచీ మీద వాళ్లు గొంతుక్కూర్చోవచ్చు.