జడ్జి కుర్చీలో గుమాస్తా: వార్ గారికి బహిరంగ లేఖ

శ్రీయుత వార్ గారికి,

నమస్కారాలు. ఇక్కడ మేమంతా కుశలం. తమరు దశాంశ స్థానంతో సహా కుశలమేనని తలుస్తాం. ఉభయకుశలోపరి. తమరెవరో ఎరగని పాఠకులకు ఒక ముక్క: వార్ అంటే 'విన్స్ అబవ్ రీప్లేస్‌మెంట్', ఓ మామూలు ఆటగాడికి బదులు ఈ ఆటగాడు ఉండటం వల్ల జట్టుకు అదనంగా వచ్చిన గెలుపులెన్నో ఒక్క అంకెలో చెప్పే లెక్క.

అమెరికా బేస్‌బాల్‌లో అందరికంటే గొప్ప ఆటగాడెవరన్న వాదన తమరు పుట్టకముందు నుంచీ ఉంది. అప్పట్లో అది గొంతులు బొంగురుపోయేదాకా సాగేది. తమరి పుణ్యమా అని ఇప్పుడు అర నిమిషంలో తెమిలిపోతోంది. "బేబ్ రూత్ 182," అంటారొకరు. "బ్యారీ బాండ్స్ 163, విల్లీ మేస్ 156," అంటారింకొకరు. పెద్దంకె గెలిచింది, ఇక లేవండి. రూత్ బంతి కొడితే ఎలా ఉండేదో, మేస్ సెంటర్ ఫీల్డ్‌లో ఎంత దూరం పరిగెత్తేవాడో అడిగే నాథుడు లేడు.

తమరి పని తమరు బాగానే చేస్తారు, అది కాదనం. తమరు బుద్ధిగా చిట్టా రాసుకునే గుమాస్తా. తెచ్చి జడ్జి కుర్చీలో కూర్చోబెట్టింది మా వాదనరాయుళ్లు. అయితే కూర్చోమనగానే తమరు కూడా కాదనలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తమరి పేరులో 'రీప్లేస్‌మెంట్'గా దాక్కున్న ఆ అజ్ఞాత వ్యక్తి సంగతి తేలుద్దాం. ఒక స్టార్‌ని తీసేసి, ఆ చోట కింది స్థాయి మైనర్ లీగ్ నుంచి కనీస జీతానికి దొరికే మామూలు ఆటగాణ్ణి దించితే జట్టు ఎన్ని మ్యాచ్‌లు తక్కువ గెలుస్తుంది? ఆ తేడాయే తమరు. ఈ మామూలు ఆటగాడికి పేరు లేదు, ఊరు లేదు, ఫొటో లేదు. కానీ చరిత్రలో ఎవరి ఎత్తు కొలవాలన్నా ఇతని పక్కనే నిలబెట్టాలి. తమరిని లెక్కగట్టే రెండు పెద్ద సంస్థలు, బేస్‌బాల్ రిఫరెన్స్, ఫ్యాన్‌గ్రాఫ్స్, 2013లో కూర్చుని ఒక మాట అనుకున్నాయి. ఇలాంటి వాళ్లతోనే నింపిన జట్టు .294 వంతు, అంటే 162 మ్యాచ్‌లలో 48 దాకా గెలుస్తుందని. దాంతో 2,430 మ్యాచ్‌ల సీజన్‌కు పంచిపెట్టాల్సిన వార్ మొత్తం 1,000 అని తేలింది. అంతకుముందు ఎవరి గీత వారిదే. గీత జరిగిన రోజున, పోయి దశాబ్దాలైన ఆటగాళ్ల గొప్పతనం కూడా సమాధిలోనే కాస్త అటూ ఇటూ జరిగింది.

లెక్క చేసే తీరు చూద్దాం. ఒకాయన బ్యాటింగ్‌లో లీగు సగటు కంటే 30 పరుగులు ఎక్కువ తెచ్చాడు, ఫీల్డింగ్‌లో సగటు మనిషి. రెండో, మూడో బేసుల మధ్య కాపలా చోటైన షార్ట్‌స్టాప్‌లో ఆడాడు కాబట్టి, అది కష్టమైన చోటని సీజన్‌కు 7 పరుగులు కలుపుతారు. సగటు ఆటగాడికీ పైన చెప్పిన అజ్ఞాతకూ మధ్య తేడా కింద ఇంకో 20. మొత్తం 57. సుమారు పది పరుగులకు ఒక గెలుపు చొప్పున 5.7 వార్. ఇప్పుడు అవే 30 పరుగులను గ్లవ్ తొడగని, అంటే ఫీల్డింగ్‌కు దిగకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే డిజిగ్నేటెడ్ హిట్టర్ తెచ్చాడనుకోండి. ఏడు కలపడం పోయి పదిహేను కోత పడుతుంది. మిగిలేవి 35 పరుగులు, అంటే 3.5 వార్. ఇది బేస్‌బాల్ రిఫరెన్స్ వారి రేటు. పక్క కొట్లో, అంటే ఫ్యాన్‌గ్రాఫ్స్‌లో, అదే కోత పదిహేడున్నర. బేరాల్లేవు.

ఇంతవరకూ న్యాయంగానే ఉంది. షార్ట్‌స్టాప్‌లో నిలబడి అంత బాగా కొట్టేవాడు దొరకడం కష్టమే మరి. చిక్కంతా ఫీల్డింగ్ గడిలో ఉంది. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే ఏర్పాటు ప్రతి బంతినీ ప్రతి అడుగునూ కొలుస్తోంది. దానికి ముందు పదేళ్ల పైచిలుకు కాలం వీడియో చూసి, బంతి మైదానంలో ఏ మూల పడిందో మనుషులే నమోదు చేసేవారు. ఇంకా వెనక్కి, వందేళ్ల కిందటి టై కాబ్, బేబ్ రూత్ రోజుల్లోకి వెళ్తే చేతిలో ఉండేది ఎన్ని అవుట్లు పట్టాడు, ఎన్ని విసిరాడు అన్న మొత్తాలే. వాటి మీద అంచనా కట్టాల్సిందే. అయినా 1915 అంకెనూ 2025 అంకెనూ తమరు ఒకే అచ్చులో, ఒకే దశాంశ స్థానంతో వేస్తారు. పక్కన "సుమారు" అన్న మూడక్షరాలు వేస్తే సిరా అయిపోతుందా?

అందుకే పాత ఆటగాళ్ల మీద వాదించేటప్పుడు మొత్తం అంకె మీద బల్లగుద్దకూడదు. బ్యాటింగ్ పరుగుల గడి, ఫీల్డింగ్ పరుగుల గడి విడదీసి చూడాలి. ఒక సీజన్‌లో ఒకరికి 7.4, మరొకరికి 6.9 వస్తే అది తేడానే కాదు. పిచ్చర్ల, అంటే బంతి విసిరేవాళ్ల దగ్గర ఏ కొట్టు అంకెనో ముందే అడగాలి. బేస్‌బాల్ రిఫరెన్స్ వారు పిచ్చర్ ఇచ్చిన పరుగుల నుంచి మొదలుపెట్టి, వెనకున్న ఫీల్డర్ల గుణదోషాలు సర్దుతారు. ఫ్యాన్‌గ్రాఫ్స్ వారు స్ట్రైకౌట్లు (బ్యాటర్‌ను మూడు స్ట్రైకులతో అవుట్ చేయడం), వాకులు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే దక్కే మొదటి బేస్), ఒంటికి తగిలిన బంతులు, హోమ్ రన్లు (ప్రహరీ దాటిన దెబ్బలు) ప్రధానంగా చూస్తారు. 5,714 స్ట్రైకౌట్లు తీసిన నోలన్ రయన్ మొదటి చోట సుమారు 81, రెండో చోట సుమారు 107. మనిషి ఒకడే, చెయ్యి ఒకటే. ఆ 26 గెలుపులు ఎవరి జేబులోకి పోయాయో తమరే సెలవియ్యాలి.

తమరు నిలబడ్డ నేల కూడా అంత గట్టిదేం కాదు. 1910 సంగతి తమరికి తెలియనిది కాదు. ఆ ఏడు బ్యాటింగ్ సగటులో, అంటే ఎన్ని ప్రయత్నాలకు ఎన్ని హిట్లు (కొట్టి క్షేమంగా బేస్ చేరడం) అన్న లెక్కలో, మొదట నిలిచినవాడికి చామర్స్ కారు బహుమతి. టై కాబ్ ముందున్నాడు, చివరి రెండు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చున్నాడు. పోటీలో ఉన్న నాప్ లాజొయ్‌కి అక్టోబర్ 9న సెయింట్ లూయిస్‌లో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు. అవతలి మేనేజర్ జాక్ ఓ'కానర్ లాజొయ్‌కి హిట్లు సులువుగా దొరికేలా, మూడో బేస్ దగ్గర కాపలా కాసే తన కుర్ర థర్డ్ బేస్‌మన్‌ను బాగా వెనక్కి నిలబడమన్నాడు. లాజొయ్ మొదట ఒక ట్రిపుల్ (మూడో బేస్ దాకా చేర్చే హిట్) కొట్టి, ఆ తర్వాత బంతిని మెత్తగా థర్డ్ బేస్ వైపు తోస్తూ, పరిగెడుతూ రోజంతా గడిపాడు. మొత్తం ఎనిమిది హిట్లు. కాబ్ అంటే ఎంతమందికి ప్రేమో దీన్ని బట్టి తెలుస్తుంది. లీగు అధ్యక్షుడు బాన్ జాన్సన్ ఎలాగో కాబ్‌నే విజేతగా తేల్చాడు. ఓ'కానర్ ఉద్యోగం ఊడింది. కంపెనీవారు తెలివైనవాళ్లు, ఇద్దరికీ చెరో కారు ఇచ్చేశారు.

అక్కడితో అయిందా? కాబ్ ఆడిన ఒక మ్యాచ్ పుస్తకంలో రెండుసార్లు ఎక్కిందని, రెండు హిట్లు ఊరికే కలిశాయని 1981లో బయటపడింది. సరిచేస్తే ఆ ఏడు లాజొయ్‌దే పైచేయి. కమిషనర్ బోవీ కూన్ మాత్రం రాసిందేదో రాసిందే అన్నాడు. అందుకే నేటికీ లీగు పుస్తకంలో కాబ్ జీవితకాల హిట్లు 4,191, బేస్‌బాల్ రిఫరెన్స్‌లో 4,189. ఆ రికార్డును 1985 సెప్టెంబర్ 11న సిన్సినాటిలో పీట్ రోజ్ దాటినప్పుడు ఊరంతా పండగ చేసుకుంది. సరిచేసిన లెక్కన అతను మూడు రోజుల ముందే షికాగోలో దాటేశాడు. డెబ్బై ఐదేళ్ల కిందటి రెండు హిట్ల కథ ఇది. తమరేమో ఆ పుస్తకాల మీదే కూర్చుని దశాంశాలు పలుకుతున్నారు.

ఇక పెద్ద ప్రశ్న. తమరు ఆటగాణ్ణి అతని కాలపు లీగుతోనే పోలుస్తారు. మంచిదే. కానీ ఆ లీగులోకి ఎవరిని రానిచ్చారు? 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ అడుగుపెట్టేదాకా, అరవై ఏళ్లకు పైగా నల్లవాళ్లకు మేజర్ లీగ్ తలుపులు మూసే ఉన్నాయి. 1920లో రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు. అమెరికన్ లీగ్‌లో అతని సొంత జట్టు యాంకీస్ తప్ప మరే జట్టు మొత్తం కలిపినా అన్ని కొట్టలేదు. అది అబ్బురమే. ఎదుట బంతి విసిరిన వాళ్లలో నల్లజాతి పిచ్చర్ శాచెల్ పేజ్ లాంటివాడు ఒక్కడూ ఉండే వీలు లేదన్నదీ నిజమే. పేజ్‌ను మేజర్ లీగ్‌లోకి రానిచ్చేసరికి ఏడాది 1948, అతని వయసు 42.

2024 మేలో, నల్లవాళ్లు విడిగా ఆడుకున్న నీగ్రో లీగుల లెక్కలు అధికారిక పుస్తకంలో కలిశాయి. జాష్ గిబ్సన్ .372 సగటుతో కాబ్‌ను, దెబ్బల బలాన్ని కొలిచే స్లగ్గింగ్‌లో .718తో రూత్‌ను దాటి పైకెక్కాడు. తమరి పుస్తకంలో మాత్రం అతని వార్ నలభై దరిదాపుల్లోనే. ఎందుకంటే తమరు పోగుచేసే గుమాస్తా. ఏడాదికి అరవై డెబ్బై లీగు మ్యాచ్‌లే జరిగేవి. మిగతా రోజుల్లో ఊరూరా తిరిగి ఆడినవి లెక్కలోకి రావు. ఆడనిచ్చినంతే కూడిక. సైన్యానికి వెళ్లినవాళ్లదీ ఇదే గతి. టెడ్ విలియమ్స్‌కు 1943, 44, 45 మూడూ సున్నాలే. దానికి ముందూ తర్వాతా ఏడాదికి పదికి పైగా వార్ తెచ్చిన మనిషి. విల్లీ మేస్‌కు 1952లో చాలా భాగం, 1953 పూర్తిగా పోయాయి. తిరిగొచ్చిన 1954లో .345 సగటు, 41 హోమ్ రన్లతో ఎంవీపీ, అంటే ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడు. మధ్య ఖాళీలో ఏం వేయాలో ఎవరికి తోచింది వారు వేసుకుంటున్నారు. రూత్ గొప్పవాడంటే గిబ్సన్ కాదనా? రాజుగారి పెద్ద భార్య పతివ్రత అన్నట్టుంది మన వాదన.

బాండ్స్ సంగతి ఎత్తకపోతే ఉత్తరం పూర్తి కాదు. 762 హోమ్ రన్లు, ఏడు ఎంవీపీలు. 2004లో 232 వాకులు, అందులో 120 కావాలని ఇచ్చినవే, ఆన్‌బేస్, అంటే బేస్ చేరిన వంతు, .609. 1998 మే 28న అరిజోనా జట్టు రెండు పరుగుల ఆధిక్యంలో ఉంది. తొమ్మిదో ఇన్నింగ్స్, రెండు అవుట్లు, బేసులన్నీ నిండి ఉన్నాయి. మేనేజర్ బక్ షోవాల్టర్ బాండ్స్‌కు కావాలనే వాక్ ఇప్పించాడు. ఒక పరుగు చేతులారా ఇచ్చేశాడన్నమాట. తర్వాతి బ్యాటర్ అవుటయ్యాడు, అరిజోనా గెలిచింది. ఈ భయం తమరి ఏ గడిలోనూ పట్టదు. ఆ కాలంలో స్టెరాయిడ్ల మాట వస్తే అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం. తమరికి ఆ వాసన కూడా తగలదు. మహామహులను చేర్చుకునే హాల్ ఆఫ్ ఫేమ్ ఓటర్లకు తగిలింది. 75 శాతం కావాల్సిన చోట 2022లో, ఓటుకు వచ్చిన పదో ఏట, 66 దగ్గర ఆపేశారు. తెలిసినవాళ్లు ఆ అనుమానం తర్వాతి ఏళ్లదేనని 1998 చివరికి గీత గీసి, అక్కడిదాకానే లెక్కేయమంటారు. అప్పటికే 411 హోమ్ రన్లు, కన్నుగప్పి పరిగెత్తి దొంగిలించిన బేసులు 445, మూడు ఎంవీపీలు, తమరి లెక్కన దాదాపు 100. ఒక్క తమరే కాదు, ఆయన్ను తిట్టేవాళ్లు కూడా దీనికి జవాబు దొరక్క విషయం మార్చేస్తారు.

హాంక్ ఆరన్‌ను మాత్రం తమరి సాయం లేకుండానే కొలవొచ్చు. 3,771 హిట్లలోంచి 755 హోమ్ రన్లు మొత్తం తీసేయండి. ఇంకా 3,016 మిగులుతాయి.

చివరగా ఒక విన్నపం. 2025 అక్టోబర్ 17న షోహెయ్ ఒహ్తానీ ఒకే మ్యాచ్‌లో మూడు హోమ్ రన్లు కొట్టి, పిచ్చర్‌గా పదిమందిని స్ట్రైకౌట్ చేశాడు. తమరి దగ్గర అతనికి రెండు ఖాతాలు, పిచ్చర్‌ది ఒకటి, బ్యాటర్‌ది ఒకటి. బ్యాటర్ ఖాతాలో మాత్రం గ్లవ్ తొడగలేదన్న కారణం చూపి సీజన్ పొడవునా కోత కోస్తున్నారు. ఆరు ఇన్నింగ్స్ చెయ్యి పడిపోయేలా బంతులు విసిరిన మనిషి ఫీల్డింగ్‌కు రాలేదని నోటీసు పంపడం తమరికే చెల్లింది. వచ్చే సవరణలో ఈ గడి ఒకసారి చూడగలరు. ఎలాగూ సవరిస్తారు కదా, అప్పుడు రూత్ అంకె కూడా మారితే మాకు ముందుగా ఒక ముక్క రాయండి, పందేలు కాసిన వాళ్లున్నారు.

ఇట్లు,
తమరి అంకె చూసుకోకుండా నోరు విప్పని
ఒక వాదనరాయుడు